స్కూబా శిక్షణలో రెఫరల్ పద్ధతి

స్వస్థలమున పాఠములను, ఈతకొలనులోని అభ్యాసములను ముగించిన విద్యార్థి, తన శిక్షకుడు సంతకము చేసి యిచ్చిన పత్రముతో దూరప్రాంతమున కేగి, అచ్చటి శిక్షకుని పర్యవేక్షణలో సముద్రపు మునకలను పూర్తిచేసి యోగ్యతాపత్రమును పొందు విధానమే రెఫరల్. 1966లో స్థాపితమైన పాడీ సంస్థవారి ఓపెన్ వాటర్ కోర్సునందు ఇట్టి మునకలు నాలుగు. వీనిని 18 మీటర్ల లోతునకు మించక చేయవలెను. రెఫరల్ పత్రము 12 మాసములు చెల్లును. హైదరాబాదువంటి సముద్రదూర నగరమున కొలనుశిక్షణ పొందినవారు అండమానులోని స్వరాజ్ ద్వీపమునకు పోయి శేషభాగమును ముగింపవచ్చును. విహారదినములు తరగతిగదిలో వ్యర్థముగాకుండుట దీని ప్రత్యక్షలాభము. అయినను, మాస్కులో చేరిన నీటిని వెడలగొట్టుట, నోటినుండి జారిన రెగ్యులేటరును మరల గ్రహించుట మున్నగు నైపుణ్యములు నెలలు గడచిన కొలది మందగించును గనుక, క్రొత్త శిక్షకుడు వానిని స్వయముగా పరీక్షించి తృప్తిపడిన పిదపనే విద్యార్థిని లోతునకు గొనిపోవుట అత్యావశ్యకము.