పారిశ్రామిక ఆక్సిజన్ వైద్య వినియోగం

పారిశ్రామిక ఆక్సిజన్ వైద్య వినియోగం అనగా ఉక్కు కర్మాగారాలు మొదలగు పరిశ్రమలు తమ అవసరాల కొరకు తయారు చేసుకొనే ఆక్సిజన్‌ను (ప్రాణవాయువు) ఆసుపత్రులలోని రోగులకు మళ్ళించడం. కోవిడ్-19 రెండవ విజృంభణ సమయంలో, 2021 ఏప్రిల్, మే నెలలలో, భారతదేశంలో ఇది పెద్ద ఎత్తున జరిగింది. ఇందులో విశాఖపట్నం ఉక్కు కర్మాగారం ముఖ్యపాత్ర వహించింది.

ఉక్కు తయారీలో ఆక్సిజన్

కొలిమి నుండి వచ్చిన ద్రవ ఇనుములో కర్బనం అధికంగా ఉంటుంది. ఎల్.డి. కన్వర్టర్ అనే పాత్రలో ఈ ఇనుముపైకి శుద్ధమైన ఆక్సిజన్‌ను వేగంగా ఊది కర్బనాన్ని మండించి తొలగిస్తారు. ఇందుకై పెద్ద ఉక్కు కర్మాగారాలన్నీ స్వంత ఆక్సిజన్ ప్లాంట్లు కలిగి ఉంటాయి. గాలిలోని దుమ్మును, తేమను, బొగ్గుపులుసు వాయువును తొలగించి, అతిశీతలం చేసి, అందులోని వాయువులను వేరుచేస్తారు. నైట్రోజన్ -196, ఆర్గాన్ -186, ఆక్సిజన్ -183 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతాయి గనుక ఇది సాధ్యమవుతుంది. ఈ విధంగా లభించే ఆక్సిజన్ శుద్ధత సాధారణంగా 99 శాతానికి పైబడి ఉంటుంది.

మళ్ళింపులోని ఇబ్బందులు

కావున యంత్రాలను మార్చవలసిన పని అంతగా లేదు. చిక్కంతా వేరేచోట ఉంది. కర్మాగారంలో ఆక్సిజన్ చాలావరకు వాయురూపంలో గొట్టాల ద్వారా కన్వర్టర్లకు పోతుంది; దూరప్రాంతాలకు పంపాలంటే ద్రవరూపంలో ఉండాలి. ద్రవ నైట్రోజన్, ద్రవ ఆర్గాన్ల ఉత్పత్తిని తగ్గించుకొని, కర్మాగారాలు ద్రవ ఆక్సిజన్‌ను పెంచాయి. పైగా చట్టం దృష్టిలో వైద్య ఆక్సిజన్ ఒక ఔషధం, దాని తయారీకి లైసెన్సు ఉండాలి. కేంద్ర ప్రభుత్వం 2021 ఏప్రిల్ 22 నుండి తొమ్మిది రకాల పరిశ్రమలకు తప్ప ఇతర పరిశ్రమలకు ఆక్సిజన్ సరఫరాను నిషేధించింది. ఏప్రిల్ 25న ఆ మినహాయింపులను కూడా తొలగించి, ద్రవ ఆక్సిజన్‌ను వైద్యానికి మాత్రమే వాడాలని ఆదేశించింది.

అన్నిటికంటె పెద్ద కొరత ట్యాంకర్లది. ఉక్కు కర్మాగారాలు ఎక్కువగా తూర్పు భారతంలో ఉండగా, రోగుల తాకిడి మహారాష్ట్ర, ఢిల్లీ వంటి చోట్ల ఎక్కువగా ఉంది. నైట్రోజన్, ఆర్గాన్ ట్యాంకర్లను శుభ్రపరచి ఆక్సిజన్‌కు వాడారు. ఇది తేలిక పని కాదు. ట్యాంకులో కొద్దిపాటి నూనె మిగిలినా ఆక్సిజన్ తగిలి మంటలు పుట్టవచ్చు.

ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్

దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ విశాఖ ఉక్కు కర్మాగారం కొరకే నడిచింది. 2021 ఏప్రిల్ 19న ముంబై సమీపంలోని కలంబోలి నుండి ఏడు ఖాళీ ట్యాంకర్లను రైలు వ్యాగన్లపైకి ఎక్కించి పంపారు. పడమటి కనుమలలోని సొరంగాలు, వంతెనల క్రింద ఎత్తు చాలనందున, దగ్గరి దారిని విడిచి సూరత్, నాగపూర్ మీదుగా సుమారు 1850 కి.మీ. తిప్పి తీసుకొనిరావలసి వచ్చింది. ఇక్కడ నింపిన ట్యాంకర్లు 22న బయలుదేరాయి. మూడింటిని 23న నాగపూర్‌లో దించగా, మిగిలిన నాలుగు 24న నాసిక్ చేరాయి.

రవాణాలో కొద్దిపాటి జాప్యం ఎంత ప్రమాదకరమో తిరుపతి రుయా ఆసుపత్రి ఘటన తెలుపుతుంది. 2021 మే 10 రాత్రి తమిళనాడు నుండి రావలసిన ట్యాంకరు ఆలస్యం కాగా, ఆక్సిజన్ పీడనం పడిపోయి 11 మంది రోగులు మరణించారని అధికారులు ప్రకటించారు.

నైట్రోజన్ ప్లాంట్ల మార్పు

రవాణా అక్కరలేని మరొక మార్గాన్ని 2021 ఏప్రిల్‌లో ఐ.ఐ.టి. బొంబాయి ప్రయోగించి చూపింది. గాలి నుండి నైట్రోజన్‌ను వేరుచేసే చిన్న ప్లాంటులో కర్బన జల్లెడ పదార్థానికి బదులు జియోలైట్‌ను నింపగా, 3.5 వాతావరణ పీడనం వద్ద 93 నుండి 96 శాతం శుద్ధత గల ఆక్సిజన్ లభించింది. ఉక్కు కర్మాగారపు ఆక్సిజన్ కంటె ఇది శుద్ధత తక్కువైనదే గాని రోగులకు పనికివస్తుంది.

ఇతర విషయాలు

ఈ సరఫరాకు మూడు నెలల ముందు, 2021 జనవరి 27న, విశాఖ ఉక్కు కర్మాగారంలో తన వాటాలను పూర్తిగా విక్రయించుటకు కేంద్ర మంత్రివర్గ సంఘం అంగీకరించింది. కార్మికులు అప్పటికే ఆందోళనలో ఉన్నారు. 2025 జనవరిలో కేంద్రం కర్మాగారం పునరుద్ధరణకు 11,440 కోట్ల రూపాయలు ప్రకటించింది.