అదను కనిపెట్టే శిలీంధ్రాలు

వానాకాలంలో తడిచేయి తగిలిన ఊరగాయ జాడీలోను, మూలనుంచిన తోలుచెప్పుల మీదను, మిగిలిపోయిన రొట్టెముక్క మీదను పరచుకొనే బూజును ఎరుగనివారుండరు. కంటికి కానరాని దాని బీజాలు గాలిలో సర్వదా తేలుతూనే ఉంటాయి. మనం పీల్చే ఊపిరితో లోనికి పోతూనే ఉంటాయి. అయినా ఆరోగ్యవంతునికి వాటివలన సాధారణంగా హాని కలుగదు. నెత్తుటిలోని తెల్లకణాలు వాటిని ఎప్పటికప్పుడు పట్టి మ్రింగివేస్తాయి. దేహపు వేడిమి కూడా అనేక శిలీంధ్రాలకు సరిపడదు. ఈ కాపుదల సడలిననాడు మాత్రం, అంతవరకు ఊరకున్న బూజే ప్రాణాంతకమవుతుంది. ఇట్టి వ్యాధుల చరిత్ర బూజు చరిత్ర అనడం కంటె, మన వైద్య చరిత్రలోనే ఒక అధ్యాయమనడం సమంజసం.

1839లో లాంగెన్‌బెక్ అనే జర్మన్ వైద్యుడు టైఫస్ జ్వరంతో మరణించిన ఒక రోగి గొంతులోని తెల్లని పూతను సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందులో ఒక శిలీంధ్రాన్ని చూచినాడు. ఆ జ్వరానికి అదే మూలకారణమని తలచినాడు. నిజానికి జ్వరం వేరొక సూక్ష్మజీవి వలన వచ్చినది. నీరసించిన దేహంలో శిలీంధ్రం వెనుకగా వచ్చి చేరినది. పసిపిల్లల నోటను, వృద్ధుల నోటను కనిపించే తెల్లని పూతకు కారణమైన కాండిడా అదే. 1885లో పాల్టాఫ్ అనే మరొక వైద్యుడు, రొట్టెబూజుకు దాయాదులైన మ్యూకర్ జాతి శిలీంధ్రాలు ఒక రోగి దేహమంతటా వ్యాపించిన ఉదంతాన్ని వివరించినాడు. 1943లో అమెరికా వైద్యులు అట్టి వ్యాధి మెదడు వరకు ప్రాకిన ముగ్గురు రోగులను గురించి ప్రకటించినారు. ఆ ముగ్గురూ మధుమేహ పీడితులే. నెత్తుట చక్కెర మితిమీరినప్పుడు తెల్లకణాలు మందగిస్తాయి. ఆమ్లగుణం పెరిగినప్పుడు, మాంసకృత్తులు బంధించి ఉంచిన ఇనుము విడుదలై ఈ బూజుకు ఆహారమవుతుంది.

అయినా ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలం వరకు ఈ వ్యాధులు అరుదే. వాటికి ద్వారం తెరచినవి, విచిత్రంగా, వైద్యం సాధించిన ఘనవిజయాలే. ఈ ఘట్టంలో ఒక తెలుగువాని పేరు తలచక తప్పదు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించినారు. ఆయన ఆధ్వర్యంలోనే 1948లో ఆరియోమైసిన్ వెలువడినది. లుకేమియా సోకిన పసివారికి ఫార్బర్ ఇచ్చిన అమినోప్టెరిన్ కూడా ఆ పరిశోధనాలయం నుండి వచ్చినదే. మొదటిది ఎన్నో విధాల బాక్టీరియాలను సంహరించినది. రెండవది కాన్సర్‌ను మందుతో అణచవచ్చునని చూపినది. కాని మన నోటిలోను, ప్రేగులలోను నివసించే మేలైన బాక్టీరియా ఇట్టి మందులతో నశించినప్పుడు, వాటి చాటున అణగియున్న కాండిడా విజృంభిస్తుంది. కాన్సర్ మందులు తెల్లకణాలను సైతం తగ్గిస్తాయి. అదే కాలంలో వాడుకలోకి వచ్చిన కార్టిసోన్ వంటి స్టెరాయిడ్లు వాపును అణచుతూ, రక్షణశక్తిని కూడా అణచుతాయి. ఇది ఆ మహనీయుల కీర్తికి కొరత కాదు. బ్రతుకరని వదలుకొన్న రోగులు బ్రతుకుతున్నందుననే ఈ క్రొత్త చిక్కు ఎదురైనది.

దీనికి విరుగుడును వెదకినవారిలో అగ్రగణ్యులు ఇరువురు స్త్రీలు. న్యూయార్కు నగరంలో ఎలిజబెత్ హేజెన్ మట్టి నమూనాలలోని సూక్ష్మజీవులను పెంచి, తపాలాలో ఆల్బనీకి పంపేది. అక్కడ రేచెల్ బ్రౌన్ వాటినుండి మందును వేరుచేసి తిరిగి పంపేది. వర్జీనియాలో స్నేహితుల పొలంనుండి తెచ్చిన మట్టిలో వారికి కావలసినది దొరికినది. 1950లో ప్రకటితమైన ఆ మందుకు న్యూయార్కు రాష్ట్రం పేరిట నిస్టాటిన్ అని పేరిడినారు. దానిపై లభించిన 1 కోటి 30 లక్షల డాలర్లలో తమకొరకు ఏమియు ఉంచుకొనక, సర్వం శాస్త్రపరిశోధనకే వినియోగింపజేసినారు. లోతైన వ్యాధులకు పనికివచ్చే ఆంఫోటెరిసిన్-బి కూడా అదే దశకంలో వెనిజులాలోని ఒరినోకో నదీతీరపు మట్టినుండి వచ్చినదే. అయితే శిలీంధ్రకణాల నిర్మాణం మన కణాల నిర్మాణానికి చేరువ. కనుక దానిని చంపే మందు మనను కూడా బాధిస్తుంది. ఆ మందు ఎక్కించినప్పుడు రోగులు చలిజ్వరంతో వణకేవారు, మూత్రపిండాలు దెబ్బతినేవి. సూక్ష్మమైన క్రొవ్వు బుడగలలో పొదిగిన లైపోసోమల్ రకం వచ్చిన తరువాతనే ఆ బాధ కొంత తగ్గినది.

1981 జూన్‌లో లాస్ ఏంజలిస్ నుండి ఒక చిన్న నివేదిక వెలువడినది. అంతకుపూర్వం ఆరోగ్యవంతులైన 5గురు యువకులకు న్యూమోసిస్టిస్ అనే అరుదైన న్యుమోనియా సోకినదని అందులో ఉన్నది. ఎయిడ్స్ మహమ్మారిని గురించి లోకానికి అందిన తొలి వార్త అదే. న్యూమోసిస్టిస్ శిలీంధ్ర కుటుంబానికి చెందినదని 1988లో తేలినది. ఈ పర్యాయం శిలీంధ్రం, దాగియున్న మరొక శత్రువు జాడను చూపినది.

మన దేశానికి ఈ పాఠం కఠోరంగా అందినది 2021లో. కోవిడ్ రెండవ ఉప్పెనలో, ఊపిరందని రోగులను కాపాడిన స్టెరాయిడ్లను అవసరం లేనివారు సైతం, అధిక మోతాదులలో, వైద్యుని సలహా లేకనే వాడినారు. మధుమేహం అదుపుతప్పినది. మే 20న తెలంగాణ ప్రభుత్వం మ్యూకర్‌మైకోసిస్‌ను తప్పక తెలియపరచవలసిన వ్యాధిగా ప్రకటించినది. హైదరాబాదు కోఠీలోని చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి చికిత్సకు కేంద్రమైనది. జూలై నాటికి దేశంలో 45 వేలకు పైగా రోగులు, 4,300కు పైగా మరణాలు నమోదైనవి. కన్ను కోల్పోయినవారు, దవడయెముక కోల్పోయినవారు ఎందరో. దానిని నల్లబూజు అన్నారు గాని, నలుపు బూజుది కాదు. రక్తనాళాలు మూసుకొని చనిపోయిన మాంసానిది.

1839లో లాంగెన్‌బెక్ శిలీంధ్రాన్ని చూచి, దాని వెనుకనున్న దేహస్థితిని చూడలేదు. మనం చూడవలసినది దేహస్థితినే. చక్కెరను అదుపులో ఉంచుకొనడం, స్టెరాయిడ్లను గాని యాంటీబయాటిక్‌లను గాని సొంతంగా కొని వాడకపోవడం, వైద్యుడు వ్రాసియిచ్చిన మందును ఆయన చెప్పక మానకపోవడం మన చేతిలోని పనులు. మధుమేహం ఉన్నవారికి, కాన్సర్ చికిత్స పొందుతున్నవారికి, అవయవమార్పిడి జరిగినవారికి ముఖంలో ఒకప్రక్క నొప్పి, కంటివాపు, ముక్కునుండి నల్లని స్రావం కనిపించిన యెడల ఒక్కదినమైనను జాగు చేయరాదు. గాలిలోని బూజును తొలగించడం ఎవరి తరమూ కాదు. దానికి అదను ఇవ్వకుండడం మాత్రం చాలవరకు మన వశంలోనే ఉన్నది.