ఎంవీపీ ట్రాక్ క్లబ్

ఎంవీపీ ట్రాక్ క్లబ్ జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో మేటి స్ప్రింటర్లకు శిక్షణ ఇచ్చే బృందం. పూర్తి పేరు 'మాక్సిమైజింగ్ వెలాసిటీ అండ్ పవర్'. స్టీఫెన్ ఫ్రాన్సిస్ 1999లో సోదరుడు పాల్, మిత్రులు బ్రూస్ జేమ్స్, డేవిడ్ నోయెల్‌తో కలిసి దీన్ని స్థాపించారు. సొంత గడ్డ విడవకుండానే ప్రపంచ విజేత కావచ్చని నిరూపించడం ఈ క్లబ్ సాధించిన అసలు ఘనత.

నేపథ్యం

జమైకాలో స్కూలు పరుగు పందేలంటే దేశమంతా పండగే. 1910లో మొదలైన 'చాంప్స్' పోటీలకు నేటికీ స్టేడియం కిక్కిరిసిపోతుంది. అయితే స్కూలు దాటిన మెరికలు స్కాలర్‌షిప్ అందుకొని అమెరికా కాలేజీలకు వెళ్లిపోయేవారు. డాన్ క్వారీ, మెర్లీన్ ఓటీ నడిచిన దారి అదే. స్కాలర్‌షిప్ రానివారిలో చాలామందికి పరుగు అక్కడితో ఆఖరు. ఫ్రాన్సిస్ చూపు వాళ్ల మీద పడింది.

శిక్షణ

యూటెక్ విశ్వవిద్యాలయ మైదానం క్లబ్ స్థావరమైంది. అక్కడ సింథటిక్ ట్రాక్ లేదు. గడ్డి మీద గీసిన లేన్లలోనే సాధన. ఎండ ముదరకముందే, తెల్లవారుజామునే పరుగు మొదలయ్యేది. మెత్తటి నేల కీళ్ల మీద భారం తగ్గించింది. పేదరికం ఇచ్చిన గడ్డినే ఫ్రాన్సిస్ బలంగా మలిచారు.

విజయాలు

తొలి ఫలం హర్డిల్స్‌లో దక్కింది: 2003 పారిస్ ప్రపంచ పోటీల్లో బ్రిజిట్ ఫోస్టర్‌కు రజతం. స్కూలు రోజుల్లో పెద్దగా పేరు రాని అసఫా పావెల్ 2005 జూన్ 14న ఏథెన్స్‌లో 100 మీటర్లను 9.77 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు సృష్టించాడు. 2007లో దాన్ని 9.74కు దించాడు.

2008 ఒలింపిక్స్‌కు ముందు, 21 ఏళ్ల షెల్లీ-ఆన్ ఫ్రేజర్ బదులు అనుభవజ్ఞురాలైన వెరోనికా క్యాంప్‌బెల్-బ్రౌన్‌ను 100 మీటర్ల బరిలోకి దించాలని కొందరు పట్టుబట్టారు. బీజింగ్‌లో ఫ్రేజర్ 10.78తో స్వర్ణం గెలిచింది. మెలైన్ వాకర్ 400 మీటర్ల హర్డిల్స్‌లో మరో స్వర్ణం తెచ్చింది. 2016 రియోలోనూ, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లోనూ ఎలైన్ థాంప్సన్ 100, 200 మీటర్లు రెండూ గెలిచింది. 2023 బుడాపెస్ట్‌లో షెరికా జాక్సన్ 200 మీటర్లను 21.41 సెకన్లలో ముగించింది.

ఒడిదొడుకులు

2013లో పావెల్, క్లబ్‌కే చెందిన స్ప్రింటర్ షెరోన్ సింప్సన్ డోపింగ్ పరీక్షలో దొరికారు. వారిపై పడిన 18 నెలల నిషేధాన్ని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2014లో 6 నెలలకు తగ్గించింది. తర్వాతి కాలంలో ఫ్రేజర్, ఎలైన్ కూడా వేరే కోచ్‌ల దగ్గరకు మారారు. అయినా కొత్త తరం ఆగలేదు.

2024 పారిస్ ఒలింపిక్స్ 100 మీటర్లలో ఎంవీపీ స్ప్రింటర్ కిషేన్ థాంప్సన్, అమెరికాకు చెందిన నోవా లైల్స్ ఇద్దరిదీ 9.79 సెకన్లే. ఫొటో ఫినిష్‌లో తేలిన తేడా సెకనులో వెయ్యోవంతులు అయిదు. కిషేన్‌కు రజతం మిగిలింది. 2025 టోక్యో ప్రపంచ పోటీల్లో మరో జమైకా కోచ్ గ్లెన్ మిల్స్ శిష్యుడు ఆబ్లిక్ సెవిల్ 9.77తో మొదట, కిషేన్ 9.82తో తర్వాత గీత దాటారు. ఇద్దరూ కింగ్‌స్టన్‌లోనే సాధన చేసినవారు.