ఖైదీలు కట్టిన రీల్: ఉత్తరంలో ఇల్లు చేరిన డాన్స్ కథ

రీల్ అనగానే మీ వేలు ఫోన్ స్క్రీన్ మీదకి వెళ్తుంది కదా! ఈరోజు చెప్పుకునే రీల్ అది కాదు. స్కాట్లాండ్‌లో చకచకా సాగే ఒక రకం డాన్స్‌ని రీల్ అంటారు. అలాంటి ఒక రీల్‌ని రెండో ప్రపంచయుద్ధంలో ఖైదీలు కట్టారు. వీడియో తీసి పంపే రోజులు కావు. మరి ఆ డాన్స్ వాళ్ళ ఊరికి ఎలా చేరింది? చూద్దాం.

1940 జూన్. డన్‌కిర్క్ నుంచి లక్షలమంది సైనికులు ఇంగ్లండ్ చేరుకున్నారు. కానీ స్కాట్లాండ్‌కి చెందిన 51వ హైలాండ్ డివిజన్ ఫ్రాన్స్‌లోనే పోరాడుతూ ఉండిపోయింది. జూన్ 12న సెయింట్ వాలరీ అనే సముద్రతీరపు ఊళ్ళో జనరల్ విక్టర్ ఫార్చ్యూన్ జర్మన్ సేనాని రోమెల్‌కి లొంగిపోక తప్పలేదు. ఫార్చ్యూన్ అంటే అదృష్టం. పేరులో ఉన్నది ఆ రోజు తోడు రాలేదు. వేలమంది ఖైదీలయ్యారు.

ఆఫీసర్లలో కొందరిని జర్మనీలోని లౌఫెన్ అనే ఊరి కోటలో పెట్టారు. వాళ్ళలో లెఫ్టినెంట్ జిమ్మీ అట్కిన్‌సన్ ఒకడు. ఇతనికి ఒక ఆలోచన వచ్చింది. స్కాట్లాండ్ జెండా గుర్తుందా? నీలం మీద తెల్లటి ఇంటూ గుర్తు. అది సెయింట్ ఆండ్రూ శిలువ. జెండా ఎగరేయనివ్వరు సరే, ఆ గుర్తుని మనుషులతోనే గీస్తే? లెఫ్టినెంట్ పీటర్ ఆలివర్, లెఫ్టినెంట్ కల్నల్ హారిస్ హంటర్ తోడయ్యారు. క్యాంపులో ఆడవాళ్ళు లేరు కాబట్టి వాళ్ళ అడుగులు కూడా మగవాళ్ళే వేశారు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మగవాళ్ళది ఒక వరుస, ఆడవాళ్ళది ఎదురు వరుస. సంగీతం 32 బార్లు. మందు బార్ కాదండోయ్! సంగీతంలో లెక్కకి ఒక చిన్న ముక్క. మొదటి 8 బార్లలో మొదటి జంట ఉన్నచోటే అడుగులేసి, బయటికి తిరిగి, తమ తమ వరుసల వెనకగా రెండు జంటలు దాటి కిందికెళ్ళి, చెయ్యి పట్టుకుని మధ్యలోంచి పైకి వస్తుంది. తర్వాతి 8లో ఇద్దరూ చెరో మూలనున్న మనిషితో కుడిచేయి కలిపి తిరుగుతారు. ఎడమచేతులు తమలో తాము కలుపుకుంటారు. నలుగురితో ఒక ఏటవాలు గీత పడుతుంది. ఆ తర్వాతి 8లో మిగతా రెండు మూలలతో ఇంకో గీత. రెండూ కలిపి ఊహించుకోండి, అదే ఇంటూ గుర్తు! చివరి 8లో ఆరుగురూ చేతులు పట్టుకుని గుండ్రంగా ఒకసారి అటు, ఒకసారి ఇటు.

గమనించారా? నేను మీకు డాన్స్ చూపించలేదు, మాటల్లో చెప్పానంతే. ఎవరు, ఏ చెయ్యి, ఎటు, ఎన్ని బార్లు. ఈ నాలుగూ సరిగ్గా రాస్తే చాలు, చూడనివాళ్ళు కూడా ఆడగలరు. ఒక్క చోట కుడికి బదులు ఎడమ అని రాశారనుకోండి, నలుగురూ ఒకరినొకరు గుద్దుకుంటారు. అందుకే అక్కడ డాన్స్ కట్టడం సగం పనే. దాన్ని రాయడం మిగతా సగం.

లౌఫెన్ ఖైదీలు చేసింది ఇదే. డాన్స్ వివరాలు ఉత్తరంలో ఇంటికి రాశారు. ఖైదీల ఉత్తరాలని జర్మన్లు చదివాకే పంపేవారు. ఈ కుడి, ఎడమ, అంకెలు చూసి ఇదేదో రహస్య సంకేతం అనుకుని తలలు పట్టుకున్నారని ఇప్పటికీ సరదాగా చెప్పుకుంటారు. మొత్తానికి అది పెర్త్ పట్టణంలో హంటర్ గారి భార్యకి చేరింది. అక్కడివాళ్ళు కాగితం చూసి అడుగులేశారు.

ఒక్కసారి ఆలోచించండి. మనిషి కంచె లోపల ఉన్నాడు. అతను కట్టిన గీతల మీద ఇంటి దగ్గర అతని వాళ్ళు నడుస్తున్నారు. మేం బతికే ఉన్నాం, మేం ఇంకా మేమే అని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

1923లో గ్లాస్గోలో పుట్టిన స్కాటిష్ కంట్రీ డాన్స్ సొసైటీ, 1945లో తన 13వ పుస్తకంలో దీన్ని అచ్చేసింది. పేరు 'రీల్ ఆఫ్ ది 51స్ట్ డివిజన్'. ఈనాటికీ స్కాట్లాండ్‌లోనే కాదు, వేరే దేశాల్లో కూడా ఆడుతున్నారు. ఎక్కడైనా ఆ వీడియో కనబడితే ఒక్క నిమిషం ఆగి చూడండి. ఆ ఏటవాలు గీత పడే క్షణం మీరే గుర్తుపడతారు.