గూడెం ఆరోగ్య కార్యకర్తకు చదువు ఒక్కసారితో అయిపోదు

 

మన గూడేల్లో జ్వరమొచ్చినా, నొప్పులొచ్చినా ముందు తట్టేది ఆశా అక్క ఇంటి తలుపే. డాక్టర్ దగ్గరికి పోవాలంటే వాగు దాటాలి, గుట్ట దిగాలి. అందుకే ఆ అక్కకు ఏం నేర్పారు, ఎన్నిసార్లు నేర్పారు అన్నది మన ప్రాణాలతో ముడిపడిన చరిత్ర. ఆ చరిత్ర మనం తెలుసుకోవాలి.

1977 అక్టోబర్ 2న కేంద్ర ప్రభుత్వం గ్రామ ఆరోగ్య కార్యకర్తల పథకం మొదలుపెట్టింది. వెయ్యి మంది జనాభాకి ఒక కార్యకర్త, మూడు నెలల శిక్షణ, చేతికి మందుల పెట్టె, నెలకు 50 రూపాయలు. ఆలోచన మంచిదే. కానీ ఎంపికైనవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. బాలింత దగ్గరికి, పసిగుడ్డు దగ్గరికి వాళ్ళు ఎట్లా పోతారు? పైగా ఆ మూడు నెలల తర్వాత వెంట ఉండి నేర్పేవాళ్ళు సరిగా లేరు. 1981లో విలేజ్ హెల్త్ గైడ్ అని పేరు మార్చారు. పేరు మారింది గానీ పనిలో బలం పెరగలేదు. పథకం మెల్లమెల్లగా నీరుగారిపోయింది.

ఇంకో దారి మన పక్కనే, ప్రాణహిత అవతల గడ్చిరోలిలో దొరికింది. అక్కడ ఉండేది మన గోండు, మాడియా జనమే. సిరొంచ వైపు పోతే తెలుగు కూడా వినబడుతుంది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ 1986లో అక్కడ 'సెర్చ్' సంస్థ పెట్టారు. ఐదు నుంచి పది తరగతుల దాకా చదివిన పల్లె ఆడవాళ్ళనే ఎంచుకుని, పుట్టిన బిడ్డను తూకం వెయ్యడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి ఆడకపోతే ఆడించడం, ఒంట్లో ఇన్ఫెక్షన్‌ని గుర్తుపట్టి సూదిమందు ఇవ్వడం నేర్పించారు. నేర్పి వదిలెయ్యలేదు. పర్యవేక్షకులు క్రమం తప్పకుండా ఊరికి వచ్చి, రాసిన రికార్డు చూసి, తప్పుంటే అక్కడే దిద్దేవాళ్ళు. అసలు చదువు అదే.

ఫలితం ఏంటంటే, ఈ పద్ధతి పెట్టిన 39 ఊళ్ళలో పుట్టిన నెలలోపే చనిపోయే పిల్లల సంఖ్య వెయ్యికి 62 నుంచి మూడేళ్ళలో సుమారు 25కి దిగింది. 1999లో లాన్సెట్ పత్రిక దీన్ని అచ్చేసింది. పెద్దాసుపత్రి కట్టకుండానే ఇది జరిగింది.

2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది, దాంతో ఆశాలు వచ్చారు. ఈసారి అందరూ ఆడవాళ్ళే, అదే ఊరివాళ్ళే. మొదటి ఏడాదిలో విడతలవారీగా 23 రోజుల శిక్షణ, ఆ తర్వాత రెండు నెలలకొకసారి రెండు రోజులు మళ్ళీ శిక్షణ ఉండాలని మార్గదర్శకాల్లో రాశారు. 2011లో గడ్చిరోలి పద్ధతి దేశమంతా వచ్చింది. ఆసుపత్రిలో కాన్పైతే ఆశా ఆరుసార్లు, ఇంట్లో అయితే ఏడుసార్లు, 42వ రోజు దాకా బిడ్డను చూడటానికి రావాలి.

ఒకసారి నేర్చుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. మన ఏజెన్సీలో మలేరియా సంగతే చూడండి. ఒకప్పుడు జ్వరమంటే క్లోరోక్విన్ బిళ్ళలే. మెదడుకెక్కే ఫాల్సిపారం రకం ఆ మందుకు లొంగడం మానేసింది. 2010లో దేశమంతా ఆ రకానికి ఆర్టెమిసినిన్ కలిపిన మందులకు మారారు. పాత పాఠమే గుర్తున్న కార్యకర్త మంచి మనసుతోనే పనికిరాని మందు ఇస్తుంది, ప్రాణం పోతుంది. 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. ఈ జబ్బు మన ఆదివాసుల్లోనే ఎక్కువ. పరీక్ష చెయ్యడమే కాదు, కార్డులో ఉన్నది ఇంటివాళ్ళు భయపడకుండా, పెళ్ళి సంబంధాలు చెడకుండా వివరించడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. నర్సులకైనా అంతే. 2018 నుంచి సబ్ సెంటర్లను వెల్‌నెస్ సెంటర్లుగా మార్చినప్పుడు, నర్సింగ్ చదివినవాళ్ళు కూడా ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ కోర్సు చదివాకే అక్కడికి వచ్చారు.

మరి లోటు ఎక్కడుంది? భాషలో ఉంది. పాఠం తెలుగులో, మందు పేరు ఇంగ్లీషులో, ఇంట్లో మాట కోయలోనో, గోండిలోనో, కొలామీలోనో, సవరలోనో. మధ్యలో అర్థం జారిపోతది. దూరంలో కూడా ఉంది. శిక్షణకి పోయిన రోజు కూలి పోతది, చంటిపిల్లను చూసేవాళ్ళుండరు.

చదువుకున్న మనం ఇక్కడే పనికొస్తాం. మీ గూడెం ఆశా అక్కతో కూర్చోండి. కొత్త పుస్తకం, కొత్త యాప్ వస్తే చదివి చెప్పండి. బిడ్డ పాలు తాగకపోవడం, ఒళ్ళు చల్లబడటం, డొక్కలు ఎగరెయ్యడం లాంటి ప్రమాద సూచనలను మన భాషలో రాసి ఆమె చేతికివ్వండి. ఈ ఏడాది ఆమెకు శిక్షణ ఎన్ని రోజులు జరిగిందో గ్రామసభలో అడగండి. అడగడం ఆమె మీద ఫిర్యాదు కాదు, ఆమె పక్కన నిలబడటం. మీ ఊళ్ళో పరిస్థితి ఎట్లా ఉందో కింద రాయండి, అందరం కలిసి మాట్లాడుకుందాం.