నదులెన్నో, జలవిద్యుత్ కేంద్రం ఒక్కటే: బంగ్లాదేశ్‌లో కప్తాయ్ కథ

బంగ్లాదేశ్ అనగానే నదులు, వరదలు గుర్తొస్తాయి. మన గంగ అక్కడ పద్మ అవుతుంది, బ్రహ్మపుత్ర జమున అవుతుంది. ఇన్ని నీళ్లున్నా ఆ దేశంలో పెద్ద జలవిద్యుత్ కేంద్రం ఒక్కటే ఉంది. ఎందుకలా?

నీళ్లుంటే చాలదు, ఎత్తు కావాలి

టర్బైన్ తిరగాలంటే నీరు పైనుంచి బలంగా పడాలి. సెకనుకు వెయ్యి లీటర్ల నీరు ఒక మీటరు ఎత్తు నుంచి పడితే లెక్క ప్రకారం వచ్చేది 9.8 కిలోవాట్లే. 30 మీటర్ల నుంచి పడితే దానికి 30 రెట్లు. బంగ్లాదేశ్‌లో ఎక్కువ భాగం సముద్రమట్టానికి 12 మీటర్ల లోపే ఉంటుంది. అలాంటి చోట ఆనకట్ట కడితే ఎత్తు దొరకదు సరికదా, నీరు పక్కలకు పరుచుకుని ఊళ్లు, పొలాలు మునుగుతాయి.

కప్తాయ్ ఆనకట్ట

అందుకే ఆగ్నేయాన ఉన్న చిట్టగాంగ్ కొండ ప్రాంతాన్ని ఎంచుకున్నారు. అప్పటికి అది తూర్పు పాకిస్తాన్. రాంగామటి జిల్లా కప్తాయ్ దగ్గర కర్ణఫూలి నదిపై అమెరికా ఆర్థిక సాయంతో ఆనకట్ట కట్టి, 1962లో కరెంటు ఉత్పత్తి మొదలుపెట్టారు. 1988 నాటికి యూనిట్లు ఐదయ్యాయి. మొత్తం సామర్థ్యం 230 మెగావాట్లు. ఎండాకాలంలో సరస్సు నీటిమట్టం తగ్గితే ఉత్పత్తి బాగా పడిపోతుంది.

నష్టపోయింది ఎవరు?

సరస్సు కింద సుమారు 54,000 ఎకరాల సాగుభూమి మునిగింది. ఆ ప్రాంతంలోని మంచి సాగుభూమిలో అది దాదాపు 40 శాతం. సుమారు లక్ష మంది నిర్వాసితులయ్యారు. వీరిలో ఎక్కువమంది బౌద్ధులైన చక్మాలు. వాళ్ల రాజుగారి పాత భవనం కూడా నీట మునిగింది. చాలామందికి సరైన పరిహారం అందలేదు. 1964లో వేలాది మంది మన దేశానికి వచ్చారు. వారిలో చాలామందిని ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లో ఉంచారు. పౌరసత్వం కోసం వాళ్లు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. మూడు నెలల్లో ఆ ప్రక్రియ పూర్తి చేయాలని 2015లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తర్వాత కూడా చాలామందికి ఎదురుచూపులు తప్పలేదు.

ఇప్పుడు నేపాల్ కరెంటు

సొంత కొండలు తక్కువగా ఉన్న లోటును బంగ్లాదేశ్ ఇప్పుడు పొరుగు దేశంతో పూడ్చుకుంటోంది. 2024 అక్టోబరులో నేపాల్, భారత్, బంగ్లాదేశ్ ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం వానాకాలంలో నేపాల్ 40 మెగావాట్ల జలవిద్యుత్తును భారత్ లైన్ల మీదుగా పంపుతుంది.

దీనివల్ల బంగ్లాదేశ్‌లో కొత్తగా ఏ ఊరూ మునగదు. కానీ ఆనకట్ట ఏ దేశంలో కట్టినా, కరెంటు ఎవరికి, ముంపు ఎవరికి అన్నది ముందే అడగాలి. కప్తాయ్‌లో ఆ మాట అడిగినవాళ్లు లేకపోవడం వల్లే ఒక తరం చేసిన పనికి తర్వాతి తరాలు మూల్యం చెల్లిస్తున్నాయి.