వాన లేకుండానే వైపర్లు

ఈమధ్య అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, ఖాళీ పార్కింగ్ స్థలంలో కారు నడిపి చూశాను. మలుపు దగ్గర ఇండికేటర్ వేయబోతే వైపర్లు ఊగాయి. పైన ఎండ మండిపోతోంది! వెనక సీట్లోంచి మావారు, "ఈ వయసులో నీకెందుకు ఇవన్నీ?" అన్నారు. నవ్వేశాను గానీ, మనసు చివుక్కుమంది. హైదరాబాదులో ఎనిమిదేళ్ళుగా నడుపుతున్నదాన్ని.

ఆ రాత్రి నిద్రపట్టక, అసలు ఏ మీట ఎక్కడుండాలో ఎవరు పెట్టారా అని చదువుతూ కూర్చున్నాను.

1888లో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త తయారుచేసిన బండిలో ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, ఆయనకి చెప్పకుండా పుట్టింటికి వెళ్ళింది. వంద కిలోమీటర్ల పైనే! అందులో స్టీరింగ్ చక్రమే లేదు. చిన్న పిడి పట్టుకుని ముందున్న ఒక్క చక్రాన్నీ తిప్పాలి. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో శుభ్రం చేసుకుందట.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ సంగతి ఇంకా విచిత్రం. అందులోనూ మూడు పెడల్సే. కానీ కుడివైపుది బ్రేకు, మధ్యది రివర్సు, ఎడమది గేర్లకి. యాక్సిలరేటరేమో స్టీరింగ్ కింద చేత్తో కదిపే మీట! ఇవాళ మనలో ఎవర్ని కూర్చోబెట్టినా వేగం పెంచబోయి బ్రేకు వేస్తాం. అలాంటి కార్లు కోటిన్నర దాకా అమ్ముడయ్యాయి. 1916 నాటి కాడిలాక్‌లో పెడల్స్ ఇప్పటి వరసకి వచ్చాయి. 1922లో ఇంగ్లండులో చవగ్గా వచ్చిన ఆస్టిన్ సెవెన్ వల్ల ఆ వరస జనానికి అలవాటైంది.

నాన్నగారి అంబాసిడర్ గుర్తొచ్చింది. గేరు స్టీరింగ్ పక్కన, లైట్లు డిమ్ చేసే బటన్ ఎడమకాలి దగ్గర నేలమీద. తర్వాత మారుతి కొన్నాక కూడా, రాత్రి ఎదురుగా లారీ వస్తే ఆయన ఎడమకాలు నేలని తడుముకునేది. ముప్ఫై ఏళ్ళు నడిపిన మనిషి! ఆయన్ని "మీకెందుకండీ" అని ఎవరూ అనలేదు.

ఇంతకీ నా వైపర్ల కథ ఇదీ. మన దగ్గర ఎడంచెయ్యి గేరు మీద ఉంటుంది కనుక, ఖాళీగా ఉండే కుడిచేతికి ఇండికేటర్ ఇచ్చారు. అమెరికాలో డ్రైవరు ఎడమపక్క కూర్చుంటాడు, గేరు కుడిచేతికి వస్తుంది, అందుకని ఇండికేటర్ ఎడమకి పోయింది. పెడల్స్ మాత్రం రెండుచోట్లా ఒకటే వరస. నా కాళ్ళు తడబడకుండా చేతులు మాత్రమే తడబడింది అందుకే.

మర్నాడు మావారు స్టీరింగ్ ముందు కూర్చున్నారు. మొదటి మలుపులోనే వైపర్లు ఊగాయి.

నేనేం అనలేదు. మా అబ్బాయే కిటికీ దించి, చెయ్యి బయటపెట్టి, "వానేం లేదే నాన్నా!" అన్నాడు.